ఆఖరి స్థానం వాళ్లకూ హాల్ టికెట్ ఇవ్వాలి

2024 మార్చి 15, శుక్రవారం రాత్రి. వాషింగ్టన్‌లోని క్యాపిటల్ వన్ అరీనాలో నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీ (మా వాడుకలో స్టేట్) బాస్కెట్‌బాల్ జట్టు వర్జీనియా కంటే మూడు పాయింట్లు వెనకబడి ఉంది. గడియారంలో అయిదు సెకన్ల చిల్లర మిగిలింది. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డవాడు వర్జీనియా ఆటగాడు ఐజాక్ మెక్‌నీలీ. అది పడితే ఇంకొకటి వేసే అవకాశం వస్తుంది, ఆట అక్కడితో ముగిసినట్టే. పొద్దుపోయింది కదా అని నేను అప్పటికే రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. బంతి రింగుకు తగిలి బయటికి వచ్చింది. స్టేట్ ఆటగాడు మైకేల్ ఓకానెల్ బంతితో కోర్టు దాటి పరుగెత్తి, త్రీ పాయింట్ గీత అవతలి నుంచి, నిలదొక్కుకునే వ్యవధి కూడా లేకుండా విసిరాడు. అది రింగు వెనక పలకకు తగిలింది, రింగు అంచు మీద క్షణం సేపు తారట్లాడింది, లోపలికి జారింది. 58-58. ఓవర్‌టైమ్ ముగిసేసరికి స్టేట్ 73-65తో గెలిచింది. పదో తరగతి చదువుతున్న మావాడు వేసిన కేకకు మేడ మీద పడుకున్న మా అమ్మ ఏం మునిగిపోయిందోనని కిందికి దిగి వచ్చింది.

నార్త్ కరోలైనా రాష్ట్రంలో ర్యాలీ, డరమ్, చాపెల్ హిల్ అనే మూడు ఊళ్ల మధ్య ఉన్న ఈ ప్రాంతంలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నాం. కొందరం రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగాలకు వచ్చినవాళ్లం, కొందరం స్టేట్ యూనివర్సిటీలోనే ఎం.ఎస్. చేసి ఇక్కడే స్థిరపడినవాళ్లం. వచ్చిన కొత్తలో మనకు బాస్కెట్‌బాల్ అంటే పక్కింటివాళ్ల పెళ్లిలాంటిది. సందడి వినిపిస్తుంది, పిలుపు ఉండదు. పిల్లలు ఇక్కడి బళ్లలో చేరాక, వాళ్లు స్టేట్ పక్షమో, డ్యూక్ యూనివర్సిటీ పక్షమో, ఇక్కడ అందరూ కరోలైనా అని పిలిచే చాపెల్ హిల్ యూనివర్సిటీ పక్షమో తేల్చుకోక తప్పని పరిస్థితి వచ్చాక, మనమూ ఆ పందిట్లోకి వెళ్లి కూర్చున్నాం. అలా కూర్చున్నవాడి హోదాలోనే ఈ వ్యాసం రాస్తున్నాను. స్టేట్ జట్టు 2023-24 సీజన్ గురించి ఇప్పటికి చాలామంది చాలా రాశారు. దాన్ని ఒక అద్భుతంగా చెప్పుకుని వదిలేయడం నాకు నచ్చలేదు. ఆ అద్భుతం జరగడానికి వీలు కల్పించిన ఒక నియమం ఉంది, కూటమిలోని ప్రతి జట్టుకూ దాని టోర్నమెంటులో చోటు ఉండాలన్నది. ఆ నియమాన్ని మరుసటి ఏడాదే కుదించారు. నా అభ్యంతరం దాని గురించి.

ముందు ఆ సీజన్ ఎలా సాగిందో చూడాలి. మార్చి రెండో వారానికి స్టేట్ 31 ఆటలు ఆడి 17 గెలిచింది, 14 ఓడింది. తన కూటమి అయిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏసీసీలో, లెక్క 9-11. ఆఖరి నాలుగు ఆటలూ వరసగా ఓడిపోయింది. కరోలైనా, డ్యూక్ చేతుల్లో ఓటములు కూడా అందులోనే ఉన్నాయి. పదిహేను జట్లలో పదో స్థానం. కోచ్ కెవిన్ కీట్స్‌కు అది ఏడో ఏడు, ఆయన్ను పంపేయాలన్న మాట ఊళ్లో బాహాటంగానే వినిపించేది. ఆ ఏడాది జాతీయ టోర్నమెంటుకు 68 జట్లను ఎంచారు. వాటిలో 32 తమ తమ కూటముల టోర్నమెంటు గెలిచి నేరుగా వచ్చాయి, మిగతా 36ను ఒక కమిటీ సీజన్ మొత్తం ఆటతీరు చూసి పిలిచింది. 17-14తో ఉన్న జట్టుకు ఆ కమిటీ నుంచి పిలుపు వచ్చే ఆశ లేదు. మిగిలిన దారి ఒక్కటే, అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలవడం. ఏసీసీ చరిత్రలో అప్పటిదాకా ఏ జట్టూ ఆ పని చేయలేదు.

మంగళవారం లూయివిల్‌పై 94-85, బుధవారం సిరక్యూజ్‌పై 83-65, గురువారం డ్యూక్‌పై 74-69, శుక్రవారం పైన చెప్పిన వర్జీనియా ఆట, శనివారం ఆ సీజన్‌లో తమను రెండుసార్లూ ఓడించిన కరోలైనాపై 84-76. స్టేట్ ఏసీసీ టోర్నమెంటు గెలవడం 1987 తర్వాత అదే. అక్కడి నుంచి జాతీయ టోర్నమెంటుకు పదకొండో సీడ్‌గా వెళ్లి టెక్సస్ టెక్‌ను, ఓక్‌లండ్‌ను, మార్కెట్ యూనివర్సిటీని, మళ్లీ డ్యూక్‌ను ఓడించి ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దశ, చేరింది. ఏప్రిల్ 6న అరిజోనాలోని గ్లెండేల్‌లో పర్డ్యూ చేతిలో 63-50తో ఓడింది. చివరి లెక్క 26-15.

ఆ దాదాపు నాలుగు వారాల ఆటలో చూడదగ్గ మనిషి డి.జె. బర్న్స్. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, సుమారు 275 పౌన్ల బరువు, ఎడమచేతి వాటం. ఈ రోజుల్లో బాస్కెట్‌బాల్ అంటే దూరం నుంచి త్రీ పాయింటర్లు విసరడమే అన్నట్టు తయారైంది. ఈయన మాత్రం రింగుకు వీపు పెట్టి, తనను కాపు కాస్తున్నవాణ్ణి అడుగు తర్వాత అడుగుగా, గోడకు బీరువా జరిపినట్టు వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి, రింగు అందేంత దూరం రాగానే నాట్యగత్తె తిరిగినంత తేలికగా తిరిగి, ఎడమచేత్తో బంతిని మెత్తగా వదులుతాడు. అంత శరీరం నుంచి అంత మెత్తని స్పర్శ ఎలా వస్తుందో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు. ఇద్దరు వచ్చి చుట్టుముడితే ఖాళీగా ఉన్నవాడికి బంతి అందిస్తాడు. మార్కెట్‌పై ఆయన వేసిన పాయింట్లు నాలుగే, అందించిన అసిస్టులు, అంటే తోటివాళ్ల పాయింట్లకు దారితీసిన పాసులు, ఏడు. డ్యూక్‌తో జరిగిన ఆటలో మొదటి సగానికి స్టేట్ 27-21తో వెనకబడి ఉంటే, రెండో సగంలో జట్టు 55 పాయింట్లు చేసింది. బర్న్స్ ఒక్కడివే ఆ రోజు 29.

ఆ జట్టులో ప్రధానంగా ఆడినవాళ్లందరూ వేరే కాలేజీలు వదిలి వచ్చినవాళ్లే. బర్న్స్ టెనెసీలో చేరి, విన్‌త్రాప్‌కు మారి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చాడు. ఓకానెల్ స్టాన్‌ఫర్డ్ నుంచి, కేసీ మోర్సెల్ వర్జీనియా నుంచి, డి.జె. హోర్న్ అరిజోనా స్టేట్ నుంచి, జేడెన్ టేలర్ బట్లర్ నుంచి. ఫ్రాన్స్‌లో పెరిగిన మొహమ్మద్ డియారా మిసోరీ నుంచి వచ్చాడు. ఆ ఏడాది రంజాన్ మార్చి 11న మొదలైంది, అంటే ఏసీసీ టోర్నమెంటుకు సరిగ్గా ఒక రోజు ముందు. డియారా రోజాలు పాటిస్తూనే ఆ ఆటలన్నిటి మధ్య నడిచాడు. హైదరాబాదులో రంజాన్ నెలలో పగలంతా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పని చేసే స్నేహితులను చూసిన మనకు ఆ నిష్ఠ కొత్తది కాదు. కానీ ఆ పని అయిదు రోజుల్లో అయిదు ఆటల మధ్య, రింగు కింద రీబౌండ్ల కోసం, అంటే గురి తప్పి తిరిగొచ్చే బంతుల కోసం, తోపులాడే మనిషి చేయడం నేను మునుపు చూడలేదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కాలేజీ మారే ఈ పద్ధతి మీద పాతకాలపు అభిమానులకు చాలా కోపం ఉంది. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది కూడా. అయితే ఇలా కూడిన జట్టు ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి నెలలు పడుతుందన్నది అదే కోపగాళ్లు మరచిపోతారు. డిసెంబరులో ఓడిన ఆటకూ మార్చిలో గెలిచిన ఆటకూ ఒకే విలువ కట్టి స్థానాలు నిర్ణయించే పట్టిక, ఆ నెలల్లో జట్టు ఎంత మారిందో చెప్పలేదు.

ఇక అసలు విషయం. ఏసీసీ టోర్నమెంటు 1954లో మొదలైంది, అదీ స్టేట్ ఆవరణలోని రేనాల్డ్స్ కొలీజియంలో. గెలిచింది కూడా స్టేట్ జట్టే. తొలి ఇరవై ఏళ్లు ఆ టోర్నమెంటు గెలిచిన ఒక్క జట్టే జాతీయ పోటీకి వెళ్లేది. సీజన్ అంతా ఎంత బాగా ఆడినా ఆ వారం ఓడితే ఇంటికే. 1970లో సౌత్ కరోలైనా తన కూటమిలో 14కు 14 గెలిచి, ఫైనల్లో స్టేట్ చేతిలో రెండు ఓవర్‌టైముల తర్వాత 42-39తో ఓడి, జాతీయ టోర్నమెంటు చూడలేదు. 1974 ఫైనల్లో స్టేట్ మేరీలండ్‌ను ఓవర్‌టైమ్‌లో 103-100తో ఓడించింది. దేశంలోని ఉత్తమ జట్లలో ఒకటైన మేరీలండ్ ఇంట్లో కూర్చుంటే, స్టేట్ వెళ్లి జాతీయ ఛాంపియన్ అయింది. అది అన్యాయమని గుర్తించి, మరుసటి ఏడాది నుంచి ఒక కూటమి నుంచి రెండో జట్టును కూడా అనుమతించారు. ఇక్కడ గమనించవలసిందేమంటే, బాగా ఆడినవాడికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి వాళ్లు రెండో తలుపు తెరిచారు గాని మొదటి తలుపు మూయలేదు. 1983లో కోచ్ జిమ్ వాల్వానో నడిపిన స్టేట్ జట్టు పది ఓటములతో ఆ మొదటి తలుపులోంచే వెళ్లి, ఫైనల్లో హ్యూస్టన్‌ను 54-52తో ఓడించి, కప్పు తెచ్చింది.

2024 వేసవిలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా, సదరన్ మెథడిస్ట్ చేరడంతో ఏసీసీలో జట్లు పద్దెనిమిది అయ్యాయి. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న కూటమిలో పసిఫిక్ తీరపు కాలేజీలు ఎందుకున్నాయని మావాడు అడిగితే, టీవీ ఒప్పందాల గురించి చెప్పాను, నమ్మినట్టు లేడు. టోర్నమెంటును మాత్రం పదిహేను జట్లకే ఉంచారు. కింది మూడు జట్లకు ప్రవేశం లేదు. ఇది ఎవరి మీదో కక్షతో చేసిన పని కాదు, పాత డ్రా కాగితాన్ని అలాగే వాడుకున్నారు, అంతే. ఆ 2024-25 సీజన్‌లో స్టేట్ మొత్తం 12-19, కూటమిలో 5-15. కింది మూడింటిలో ఒకటి. మిగతా రెండు బోస్టన్ కాలేజ్, మయామీ. ఆ మయామీ 2023లో ఫైనల్ ఫోర్ ఆడిన జట్టు. ఆ విధంగా అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన జట్టు, ఆ కప్పును నిలబెట్టుకునేందుకు కోర్టులో అడుగు పెట్టే అవకాశం కూడా లేకుండా, సొంత రాష్ట్రంలోని షార్లెట్‌లో జరిగిన టోర్నమెంటును టీవీలో చూసింది. కీట్స్‌ను ఆ మార్చిలోనే పంపేశారు.

ఆ జట్టు ఆడి ఉంటే గెలిచేదని నేను అనడం లేదు. తొలిరోజే ఓడి బస్సెక్కి ఉండేదేమో. నా వాదం అది కాదు.

అన్ని జట్లకూ తలుపు తెరిస్తే నాలుగు నెలల శ్రమకు విలువ లేకుండా పోతుందన్నది ఎదుటివారి ప్రధాన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను, ఎందుకంటే ఒక్క రోజు పరీక్ష మీద పిల్లల బతుకు ఆధారపడటం ఎంత ఘోరమో ఎంసెట్ రాసిన తరం మనిషిగా నేనే ఎన్నోసార్లు వాదించాను. అయితే ఏసీసీలో ఆ శ్రమకు ప్రతిఫలం ఇప్పటికే ఉంది. మొదటి నాలుగు స్థానాల జట్లు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లి, మూడు గెలిస్తే కప్పు అందుకుంటాయి. పదో జట్టు అదే కప్పుకు అయిదు గెలవాలి. పైగా ఆ స్థానాలు ఎంత నిఖార్సైనవి? పూర్వం ఎనిమిది జట్లున్నప్పుడు ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఇంటా బయటా ఆడేది. పద్దెనిమిది అయ్యాక చాలా జట్లతో ఒక్కసారే, అదీ ఎవరో ఒకరి ఊళ్లోనే. కరోలైనాను సొంత కోర్టులో ఎదుర్కొన్న జట్టునూ, చాపెల్ హిల్ వెళ్లి ఆ జనఘోషలో ఎదుర్కొన్న జట్టునూ ఒకే పట్టికలో కూర్చోబెట్టి, ఒక్క ఆట తేడాతో ఒకరిని పదిహేనులో, ఇంకొకరిని పదహారులో వేసి, పదహారో జట్టుకు తలుపు మూయడం నాకు అర్థం కాని లెక్క. ఎంసెట్ ఎంత కర్కశమైన పరీక్ష అయినా, ఇంటర్ కనీస మార్కులతో పాసైన ప్రతివాడికీ హాల్ టికెట్ ఇచ్చేవాళ్లు. ర్యాంకు తర్వాతి సంగతి.

కుర్రాళ్ల అలసట గురించి, పోయే క్లాసుల గురించి చెప్పేవాళ్లూ ఉన్నారు. తల్లికైనా, తండ్రికైనా వినడానికి బాగానే ఉంటుంది. కాలిఫోర్నియా పిల్లలను మధ్యవారం రాత్రి డరమ్‌కు విమానంలో తిప్పుతున్న కూటమి నోట మాత్రం ఆ మాట అతకదు.

నాకౌట్ పద్ధతిలో జట్ల సంఖ్య కంటే ఆటలు ఒకటి తక్కువ ఉంటాయి. పదిహేను జట్లకు పద్నాలుగు ఆటలు, పద్దెనిమిదికి పదిహేడు. తేడా మూడు ఆటలు. టోర్నమెంటు మంగళవారానికి బదులు సోమవారం మొదలవుతుంది. ఆ మూడు ఆటలకు జనం రారని, అరీనా అద్దె గిట్టదని అంటారు. 2024లో తొలిరోజు స్టేట్, లూయివిల్ ఆడినప్పుడూ ఆ కుర్చీలు నిండలేదు. టీవీలో ఖాళీ వరసలు కనిపిస్తుంటే, ఈ ఆట ఎవరికి కావాలని మావాణ్ణి అడిగింది నేనే.