పల్లవి మిగిలింది, అద్దె మాట పోయింది

ఇంగ్లాండ్‌లో పబ్బుల్లోనూ ఫుట్‌బాల్ గ్రౌండ్లలోనూ వందేళ్లు దాటినా ఇంకా వినిపించే పాట ఒకటుంది. ‘మై ఓల్డ్ మ్యాన్ సెడ్ ఫాలో ద వాన్’. సామాన్ల బండి వెనకాలే వచ్చెయ్, దారిలో ఎక్కడా తాత్సారం చెయ్యకు అని మా ఆయన చెప్పాడు, నేనేమో ఆగీ ఆగీ దారి తప్పాను, ఇప్పుడు ఆ పాత ఇనుప మంచం ఎవరు బిగిస్తారు అని ఒకావిడ మొత్తుకుంటుంది. పల్లవి ఇంతే. ఇది విని నవ్వేవాళ్లలో చాలామంది మొదటి చరణం విని ఉండరు, నా బాధంతా అక్కడే.

ఎందుకంటే ఆ చరణం మొదలయ్యేదే అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేస్తున్నామన్న మాటతో. చీకటి పడ్డాక బండి వస్తుంది. మొగుడూ పెళ్లాం కలిసి తట్టా బుట్టా అందులో కుక్కుతారు, ఇలాంటివి మాకు కొత్తేం కాదని ఆవిడే చెబుతుంది. లోపల నిండిపోతే వెనక చెక్క మీద కూడా పేరుస్తారు, చివరికి ఆవిడ కూర్చోవడానికే చోటుండదు. అందుకే పంజరంలో పెంపుడు పిట్టని పట్టుకుని నడుస్తోంది. సరదాకి కాదు.

రాత్రిపూట ఎందుకు? అద్దె బాకీ పడితే కోర్టు మెట్లెక్కకుండానే సామాన్లు జప్తు చేసుకునే హక్కు ఇంగ్లాండ్‌లో ఇంటి యజమానికి శతాబ్దాలుగా ఉండేది. దొంగచాటుగా తరలించినా 1737 నాటి చట్టం ప్రకారం 30 రోజుల్లోపు వెంటపడి పట్టుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పేదల ఇళ్ల విషయంలో దీనికి కొంత కళ్లెం పడింది కానీ తరాల నాటి భయం అంత తొందరగా పోతుందా? పాటలో ఇంకో చోట ఆవిడ, కొత్త ఇంటి అడ్రసే కాదు, అది ఏ పేటో కూడా తెలియదంటుంది. వినడానికి అమాయకత్వంలా ఉంటుంది గానీ, అడ్రస్ బయటికి పొక్కితే కొంప మునిగే బతుకులో ఆ మాట అంత తేలికైనది కాదని నాకనిపిస్తుంది.

చార్లెస్ కాలిన్స్, ఫ్రెడ్ లీ ఈ పాట కట్టింది 1919లో. దానికి నాలుగేళ్ల ముందే గ్లాస్గోలో ఆడవాళ్లు ముందుండి అద్దెల సమ్మె నడిపితే, ప్రభుత్వం దిగివచ్చి అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయికి కట్టడి చేసింది. 1918, 1919ల్లో పోలీసులే సమ్మెకి దిగారు, రెండోసారి దిగినవాళ్ల ఉద్యోగాలు ఊడాయి. పాటలో ‘స్పెషల్’ కానిస్టేబుళ్లని, అంటే స్వచ్ఛందంగా చేరిన తాత్కాలిక పోలీసుల్ని, పాత పోలీసుల్లా నమ్మలేమన్న విసురు ఒకటుంది, అది ఆ రోజుల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు బాగా గుచ్చుకునేది మాత్రం ఇంకో చోట: ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి, కాసేపట్లో ఏదైనా తినకపోతే ఈ పిట్ట గింజలే లాక్కుని తినాల్సి వస్తుంది అంటుంది. హాలంతా పడీ పడీ నవ్వే చోటు అది. ఆ నవ్వినవాళ్లలో ఆకలి తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ పాటకి ప్రాణం పోసిన గాయని మేరీ లాయిడ్ లండన్‌లో హాక్స్‌టన్ అనే పేదల పేటలో 1870లో పుట్టింది. 1907లో మ్యూజిక్ హాల్ (పాటలూ హాస్యమూ కలిపి ప్రదర్శించే సామాన్యుల థియేటర్) కళాకారులు సమ్మె చేసినప్పుడు, అడిగినంత డబ్బు దొరికే స్టార్ అయ్యుండీ ఆవిడ చిన్న ఆర్టిస్టుల పక్షాన నిలబడింది, పికెటింగ్‌కీ వచ్చింది. 1912లో రాజుగారి ముందు మ్యూజిక్ హాల్ తారలందరితో ప్రదర్శన పెట్టి ఆవిడని మాత్రం పిలవలేదు, మరీ మొరటని. పెద్దింటి మర్యాదకి పనికిరాని ఆ గొంతే ఈ పాటకి సరిగ్గా సరిపోయింది. 1922 అక్టోబరులో ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో స్టేజీ మీద తూలిపోతుంటే అదీ నటనే అనుకుని జనం నవ్వారు, మూడు రోజులకి చనిపోయింది. అంత్యక్రియలకి 50 వేల మందికి పైగా వచ్చారు. అప్పుడు కవి టి.ఎస్. ఇలియట్ ఆవిడ మీద రాసిన వ్యాసంలో, హాల్లో కోరస్ అందుకునే శ్రామికుడు కూడా ఆ ప్రదర్శనలో భాగమే అన్నాడు. నాకు తెలిసి ఈ పాట గురించి అంతకంటే సరైన మాట లేదు. పల్లవి ఎత్తుకున్నది చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు, ఆ బండి వెనక నడిచినవాళ్లు.

తర్వాత 1953 నుంచి 1983 దాకా బీబీసీలో ‘ద గుడ్ ఓల్డ్ డేస్’ అనే ప్రోగ్రాం నడిచింది, లీడ్స్‌లోని పాత హాల్లో ప్రేక్షకులు ఆనాటి వేషాలు కట్టుకుని మరీ కూర్చుని కోరస్ పాడేవారు. మ్యూజిక్ హాల్ పాటల్ని కొత్త తరాలకి అందించింది అదే, కాదనను. కానీ అక్కడ పాత రోజులంటే టోపీలూ ఈకలూ రంగు గౌన్లే. ఫుట్‌బాల్ అభిమానులైతే ఈ పల్లవిలో మాటలు మార్చి ఎదుటి టీమ్‌ని తిట్టడానికి వాడుకుంటున్నారు, దాని మీద నాకు అంత కోపం లేదు, కనీసం వాళ్లు దాన్ని వీధి పాటగానే ఉంచారు. పాత రోజులు ఎంత బాగుండేవో అనే ధోరణే నాకు మింగుడుపడదు. బాకీ అద్దెకి సామాను జప్తు చేసే ఆ పాత హక్కు ఇంగ్లాండ్‌లో పూర్తిగా రద్దయింది 2014లో, పాట పుట్టిన 95 ఏళ్లకి.