ఆముదం తాగిన ట్రెడ్‌మిల్

మావారికి డాక్టరుగారు చెప్పింది ఒక్కటే మాట: "రోజూ ఓ నలభై నిమిషాలు నడవండి." మా ఇంటికి గోదావరి గట్టు ఎంతో దూరం లేదు. రాజమహేంద్రవరంలో తెల్లారకముందే జనం ఆ గట్టు మీదికి చేరతారు. నడిచేవాళ్ళు నడుస్తారు, వాళ్ళకు రాగిజావ అమ్మేవాళ్ళు అమ్ముతారు, పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకుంటారు. గాలికి డబ్బులు లేవు, గట్టుకు టిక్కెట్టు లేదు. మావారికేమో ఉచితంగా వచ్చే ఆరోగ్యం మీద నమ్మకం తక్కువ.

అసలు దోషమంతా టీఎంటీ పరీక్షది, అంటే ట్రెడ్‌మిల్ పట్టా మీద నడిపించి చేసే గుండె పరీక్షది. గుండె ఎంత శ్రమకు తట్టుకుంటుందో చూడటానికి సియాటెల్‌లోని రాబర్ట్ బ్రూస్ అనే వైద్యుడు రూపొందించి 1963లో ప్రచురించిన పద్ధతి అది. గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. మూడేసి నిమిషాలకు ఒకసారి వేగమూ పెరుగుతుంది, పట్టా ఎదురెత్తూ పెరుగుతుంది. మూడో అంచెకు వచ్చేసరికి వేగం 5.5, వాలు 14 శాతం. ఛాతీ నిండా తీగలతో మావారు ఆ మూడో అంచె దాటారు. పక్కన నిలబడ్డ నర్సు "చాలా బాగా నడుస్తున్నారు సార్" అందట. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నడకను మెచ్చుకున్న మనిషి అప్పటిదాకా లేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే నిర్ణయం జరిగిపోయింది.

"ఎదురుగా గట్టుంటే ఇంట్లో యంత్రమెందుకండీ?" అన్నాను.

"గట్టు మీద కుక్కలుంటాయి, వానలుంటాయి, మన బ్యాంకు పాత మేనేజరుగారుంటారు" అన్నారు. మూడోది నిజమైన కారణమని నాకు తెలుసు. ఆ మేనేజరుగారు నడుస్తూ మాట్లాడరు, నిలబెట్టి మాట్లాడతారు.

అత్తయ్యగారిని ఒప్పించడానికి మావారు చరిత్ర తీశారు. అమెరికాలో విలియం స్టాబ్ అని ఒక ఇంజనీరు, 1968లో కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు ఏరోబిక్ వ్యాయామం గురించి రాసిన పుస్తకం చదివి, ఇళ్ళలో పెట్టుకునే ట్రెడ్‌మిల్ తయారు చేశాడట. తానూ దాని మీద నడిచేవాడట. 96 ఏళ్ళు బతికి 2012లో పోయాడట.

"నడిచి బతికాడా, అమ్ముకుని బతికాడా?" అన్నారు అత్తయ్యగారు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అక్కడితో ఊరుకోకుండా, అంతకుముందు 1818లో విలియం క్యూబిట్ అనే మరో ఇంజనీరు ఇంగ్లండు జైళ్ళ కోసం ఇలాంటిదే చేశాడనీ, ఖైదీలు గంటల తరబడి పెద్ద చక్రం మెట్లు తొక్కుతూ ఉంటే కొన్నిచోట్ల దానితో ధాన్యం పిండి అయ్యేదనీ చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాళ్ళకు పిండైనా వచ్చేది కదురా. మనకేం వస్తుంది?" అని అడిగారు. కరెంటు బిల్లు వస్తుందని ఎవరూ చెప్పలేదు.

పెట్టె వచ్చింది. "మీ గుమ్మంలోకి తెచ్చి ఇస్తాం" అన్న మాటలో గుమ్మమంటే అపార్ట్‌మెంటు గేటని తెలిసింది. డెబ్బై కిలోల సరుకు, లిఫ్టులో పట్టదు. వాచ్‌మన్, ఇస్త్రీ బండి అబ్బాయి, మా అబ్బాయి కలిసి మూడో అంతస్తుకు మోశారు. మావారు మెట్ల మలుపు దగ్గర నిలబడి "ఎడమకు, ఎడమకు" అంటూ దారి చూపించారు. ఆ రోజు వ్యాయామమంటూ ఎవరికైనా దక్కిందంటే ఆ ముగ్గురికే.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. ప్రకటనలో మోటారు నాలుగు హార్స్‌పవరన్నారు. పెట్టె మీద చూస్తే నాలుగు గరిష్ఠమట, నిలకడగా ఇచ్చేది రెండే. ఆ రెండైనా తక్కువేమీ కాదు. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు. ఫోను పెట్టుకునే ప్లగ్గుతో కుదరదు. 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకూడదు. మనిషి జారితే పడటానికి వెనక రెండు మీటర్లు ఖాళీ వదలాలి. ఆ లెక్కన మా దివాను బాల్కనీలోకి పోయింది. మా హాల్లో అంత పెద్ద ప్లగ్గు ఉన్నది దక్షిణపు గోడకే. యంత్రం ముందు భాగం అటు, నడిచే మనిషి ముఖమూ అటే.

"పొద్దున్నే లేచి యముడి దిక్కుగా నడుస్తావురా?" అత్తయ్యగారి గొంతు వణికింది.

"ఎంత నడిచినా అక్కడికి చేరను కదమ్మా" అన్నారు మావారు. ఈ యంత్రం గురించి ఆయన అన్న మాటల్లో అర్థమున్నది అదొక్కటే.

కంపెనీ మనిషే వచ్చి ఉచితంగా బిగిస్తాడని రసీదు మీదే ఉంది. అతను వచ్చేదాకా ఆగడం మావారికి పరువు తక్కువ అనిపించింది. అడుగు చట్రం, ఎల్ అనీ ఆర్ అనీ అక్షరాలు చెక్కిన రెండు స్తంభాలు, పైన అంకెలు కనిపించే తల, ఒక సంచిలో బోల్టులు, వాషర్లు, అలెన్ కీ. ఇంతే సరంజామా. ఇలాంటి బిగింపుల్లో కీలకం ఒకటుంది: బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా ఎక్కించి, అన్ని కన్నాలూ కలిశాకే బిగించాలి. పుస్తకంలో రెండుచోట్ల రాసి ఉంది. మావారు బ్యాంకు మనిషి. తాళం వేశాక ఇంకోసారి లాగి చూడనిదే ఆయనకు నిద్ర పట్టదు. ఎక్కించిన బోల్టును ఎక్కించినట్టే పళ్ళు బిగించి మరీ తిప్పారు. తీరా పైన తల అమర్చేసరికి కన్నానికీ కన్నానికీ వరిగింజంత తేడా. అన్నీ విప్పారు. మళ్ళీ బిగించారు. ఈసారి కన్నాలు కలిశాయిగానీ తెర వెలగలేదు. మోటారు నుంచి తెరకు వెళ్ళే తీగ కుడి స్తంభం లోపలి నుంచి వస్తుంది. దాన్ని పైకి లాగి పట్టుకోకుండా స్తంభం దించేస్తే గొట్టం అంచు కింద నలుగుతుంది. నలిగింది. అబ్బాయి స్తంభం విప్పి, తీగ సర్ది, మళ్ళీ బిగిస్తుంటే మావారు సోఫాలో కూర్చుని అతనికి సహనం గురించి చెబుతున్నారు.

యంత్రానికి ఎర్రటి తాళం ఒకటుంది. తాళమంటే అయస్కాంతం ముక్క, దానికో తాడు, తాడు చివర క్లిప్పు. క్లిప్పు చొక్కాకు పెట్టుకోవాలి. మనిషి తూలితే తాడు లాగి అయస్కాంతం ఊడుతుంది, పట్టా ఆగిపోతుంది. అది లేనిదే యంత్రం కదలదు. మావారు ఆ తాళాన్నీ, యంత్రంతో పాటు వచ్చిన సిలికాన్ నూనె సీసానూ తీసుకెళ్ళి బీరువా లాకరులో, నా గాజుల పక్కన పెట్టి తాళం వేశారు. దాంతో రోజూ తెల్లవారుజామున ఆయన నడకకు నన్ను లేపి బీరువా తీయించుకోవడం మొదలైంది. కింది ఫ్లాటు వాళ్ళు, పాపం, అంత పొద్దున్నే మేం గోంగూర దంచుతున్నామనుకున్నారు.

వారం తిరక్కుండా పట్టా ఎడమకు జరగడం మొదలుపెట్టింది. వెనక రోలరుకు రెండు పక్కలా రెండు బోల్టులుంటాయి. పట్టా ఎడమకు పోతుంటే ఎడమ బోల్టును గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, కాసేపు ఖాళీగా నడిపి చూడాలి. బిగించిన వైపు నుంచి పట్టా రెండో వైపుకు జరుగుతుంది. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇన్నేళ్ళు మసలిన మగవాడికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదనుకున్నాను. ఆయన ఏకంగా రెండు చుట్లు బిగించారు. పట్టా కుడి అంచుకు పోయి గీసుకుంది. కుడి బోల్టు బిగించారు. చివరికి పట్టా మధ్యకైతే వచ్చింది కానీ, రెండు పక్కలా లాగి పెట్టడంతో వీణ తీగలా తయారైంది. మధ్యలో చెయ్యి పెట్టి ఎత్తితే రెండు మూడు అంగుళాలు లేవాల్సిన పట్టా వేలు దూరనివ్వలేదు. అడుగడుక్కీ కీచుమని అరవసాగింది.

ఆ కీచు అత్తయ్యగారి చెవిన పడింది.

ఆవిడ పుట్టిల్లు కోనసీమ. ఎడ్లబండ్ల మీద కాపురానికి వచ్చిన తరం. "కందెన లేదు దానికి" అని తేల్చారు. బండి ఇరుసుకు ఆముదంతో కందెన పెట్టకపోతే ఊరి పొలిమేర దాటకముందే ఇలాగే అరుస్తుందట. నూనె పోయాలనే విషయంలో ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఏ నూనె అన్న దగ్గరే పేచీ. సిలికాన్ నూనె బీరువాలో ఉంది, బీరువా తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, నేను బడిలో పాఠం చెబుతున్నాను. వంటింటి అటక మీద మాత్రం ఆవిడ స్వయంగా గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలినదాన్ని తేర్చి పెట్టుకున్న వంటాముదం సీసా నిండుగా ఉంది.

మావారు సోఫాలో మధ్యాహ్నపు కునుకు తీస్తుండగా ఆవిడ పని పూర్తి చేశారు. పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. నూనె పట్టా పైన కాకుండా, అంచెత్తి పట్టాకూ దాని కిందున్న చెక్కకూ మధ్యనే పడాలని మావారు ఫోనులో వీడియో చూస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఆవిడా చూశారు. చెంచాడు చాలన్న ముక్క ఒక్కటే చెవికెక్కలేదు. కొడుకు వాడే వస్తువు కదా, చెయ్యి ధారాళంగా ఆడింది.

సాయంత్రం మావారు ఎక్కారు. కీచు లేదు. "చూశావా, దానంతట అదే సర్దుకుంది" అన్నారు నాతో. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఎవరికైనా కడుపు బాగాలేదా?" అని అడిగారు. వేగం ఐదుకు పెట్టారు. మోటారు హోరుమంది, తెర మీద అంకెలు పరుగులు తీశాయి, పట్టా మాత్రం కదలలేదు. ముందు రోలరు దాకా ఆముదం పాకి, రోలరు దాని పాటికది తిరుగుతోంది, పట్టా దాని పాటికది నిలబడి ఉంది. తెరకు ఆ సంగతేం తెలుసు? మోటారు తిరిగినంతసేపూ దూరం లెక్క వేస్తూ పోయింది. మావారు చెమట చుక్క లేకుండా, నిలబడ్డచోట నిలబడే కిలోమీటరుకు చేరువయ్యారు. ఇన్ని కేలరీలు ఖర్చయ్యాయని తెర పొగిడింది కూడా. ఆయన ముఖం చూస్తే ఇంట్లో ఆముదం తాగింది యంత్రమో ఆయనో చెప్పడం కష్టమైంది.

అత్తయ్యగారు దాచలేదు. "నేనే పోశాను. అరుపు మానిందా లేదా?" అన్నారు.

అబ్బాయి నానమ్మ పక్షం చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు పోసింది ఆముదమేనట. ఆ ఇంజన్లలో పెట్రోలులో కలిసిపోని చిక్కటి నూనె కావాలి, దానికి ఆముదం తిరుగులేనిదట. తిరిగే ఇంజను విసిరే తుంపరలు పైలట్ల ముఖాన పడేవట, వాళ్ళ కడుపుల గురించి కథలు కథలుగా చెప్పుకుంటారట. "విన్నావా? విమానాలకు పనికొచ్చింది" అన్నారు ఆవిడ. మావారు మాత్రం విమానం గాలిలో ఎగురుతుందనీ, తనది హాల్లో ఉంటుందనీ ఏదో అనబోయి మానేశారు.

మర్నాటికి ఆముదం చెక్క మీదున్న దుమ్మునంతా కూడగట్టుకుని జిగురుగా మారింది. మీట నొక్కగానే యంత్రం మూలిగింది, కాలిన వాసన కొట్టింది, తెర మీద ఒక అక్షరమూ ఒక అంకే వెలిగి అన్నీ ఆగిపోయాయి. ఇంతకాలం ఎవరిని రానివ్వకూడదని మావారు పట్టుబట్టారో ఆ మెకానిక్కును ఇప్పుడు ఆయనే పిలిచారు.

వచ్చిన మెకానిక్కు చిన్నవాడే కానీ పనిమంతుడు. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు.

"కొబ్బరినూనె పోసినవాళ్ళను చూశాను, కుట్టుమిషను నూనె పోసినవాళ్ళనూ చూశాను. ఇది మాత్రం కొత్తండీ" అన్నాడు.

మోటారు మూత తీస్తే లోపల ఎప్పటి దుమ్మో, నా జుట్టు ఉండలు, పోయిందనుకున్న నా దిద్దు శీల. నెలకోసారైనా ప్లగ్గు తీసి ఈ దుమ్ము తుడవకపోతే మోటారుకు ఊపిరాడదని చెప్పాడు. చెక్క పైపూత నున్నగా ఉంటుందనీ, పట్టా అడుగు నేతబట్టలా ఉంటుందనీ, ఆ రెండింటి మధ్యా పలచటి సిలికాన్ పొర ఉంటే చాలుననీ, చిక్కటి నూనె పడితే బట్ట తాగేస్తుంది, దుమ్ము పట్టుకుంటుంది, రాపిడి పెరిగి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందనీ వివరించాడు. ఇదంతా అత్తయ్యగారికే చెప్పాడు. ఈ ఇంట్లో యంత్రాల బాధ్యత ఎవరిదో ఒక్క చూపులో గ్రహించాడనుకుంటాను. చెక్క, రోలర్లు శుభ్రం చేసి, కొత్త పట్టా వేసి, వెనక బోల్టులు వదులు చేశాడు.

ఆవిడ అతనికి మజ్జిగ ఇస్తూ, "అయితే ఆముదం ఎందుకూ పనికిరాదంటావా నాయనా?" అని అడిగారు, కాస్త నొచ్చుకున్నట్టుగా.

"అయ్యో, ఎంత మాట మామ్మగారూ! ఇంట్లో కాచిన ఆముదం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? మా పాపకు జుట్టు పలచగా ఉంది. ఏమైనా మిగిలిందాండీ?"

అత్తయ్యగారు అటక మీది సీసాలో మిగిలినదంతా ఇచ్చేశారు. తలకు ఎలా పట్టించాలో, ఎంతసేపు ఉంచాలో మెట్ల దాకా వెళ్ళి మరీ చెప్పారు. మావారు బిల్లు చదువుతున్నారు. పట్టాకింత, పనికింత, దాని కింద విడిగా ఇంకో వరుస: నూనె, మూడు వందలు.