సూది మారిస్తే సరిపోదు: ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

ఆదోని, ఆలూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: సూది మారిస్తే చాలు, సిరంజి మార్చనక్కర్లేదు. స్పిరిట్‌తో కడిగినా, నీళ్లలో మరగబెట్టినా సిరంజి శుభ్రమైపోతుంది. ఒక్కసారికే లాక్ అయిపోయే సిరంజిలు కంపెనీల వ్యాపారం, పైగా వాటితో మందు పూర్తిగా ఎక్కదు. వాడిన సూదికి మూత పెట్టేస్తే ఎవరికీ ప్రమాదం లేదు. ఒకవేళ గుచ్చుకున్నా రక్తం పిండేసి స్పిరిట్ పోస్తే సరి.

పంపేవాళ్లలో చాలామంది నలుగురికీ మేలు జరుగుతుందనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి ఒక తల్లి అడగాల్సిన మాట అడగకుండా ఊరుకుంటే నష్టపోయేది బిడ్డ. రోజూ సూదులతోనే పనిచేసే నర్సుని, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

ముందు సూది మార్చే సంగతి. పల్లెల్లో నేను ఎక్కువగా వినేది ఈ మాటే: "సూది మార్చినాం కదక్కా, ఇంకేమైతాది?" అయ్యేది ఇది. సూది కండలో ఉన్నప్పుడు దాని రంధ్రంలోకి కాస్త రక్తం చేరుతుంది. ఇంజెక్షన్ అయ్యాక సూదిని ఊడదీస్తుంటే లోపల ఒత్తిడిలో తేడా వచ్చి, సూదిలో ఉన్నది సిరంజి మూతిలోకి లాగేసుకుంటుంది. ఎర్రగా కంటికి కనబడాల్సిన పని లేదు, కనబడనంత రక్తం చాలు. దానికి కొత్త సూది తగిలించి ఇంకొకరికి వేస్తే మొదటివాళ్ల రక్తం రెండోవాళ్ల ఒంట్లోకి పోయినట్టే. అదే సిరంజిని మందు సీసాలో ముంచితే ఇంకా ఘోరం. సీసా మొత్తం పాడవుతుంది, తర్వాత వచ్చినవాళ్లకు కొత్త సిరంజి, కొత్త సూది వాడినా ప్రయోజనం లేదు.

2008లో అమెరికాలోని లాస్‌వేగాస్‌లో బయటపడింది అచ్చం ఇదే. ఒక ఎండోస్కోపీ క్లినిక్‌లో రోగికి మత్తుమందు ఇంకాస్త కావాల్సి వస్తే సూది మార్చి, పాత సిరంజితోనే సీసాలోంచి తీశారు. ఆ సీసాలో మిగిలింది వేరేవాళ్లకు ఎక్కించారు. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి పాకింది. పాత రోగులు 60,000 మందికి పైగా ఉంటే, అందరినీ రక్తపరీక్షలు చేయించుకోమని చెప్పాల్సి వచ్చింది. మన దగ్గరా జరిగాయి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి పదుల మందిని పొట్టన పెట్టుకుంది. వాడిన సిరంజిలే మళ్లీ వాడడం దానికి మూలమని తేలింది. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మావులో పదుల మందికి హెచ్‌ఐవీ బయటపడింది. ఒకే సిరంజితో ఊరందరికీ సూదులు వేశాడని అక్కడ వైద్యం చేసే ఒక వ్యక్తి మీద కేసు పెట్టారు.

కడగడం, మరగబెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన పెద్దవాళ్ల కాలంలో మరగబెట్టింది గాజు సిరంజిలను. ఇప్పటి ప్లాస్టిక్ సిరంజి, దాని రబ్బరు బిరడా ఒక్కసారి వాడి పారేయడానికి చేసినవి. స్పిరిట్ పైపైన తగులుతుందే గానీ సూది లోపల ఎండిన రక్తాన్ని వదిలించదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది.

ఇక లాక్ అయ్యే సిరంజి. మీ పీహెచ్‌సీలో బుధవారం టీకాలు వేసేచోట కాసేపు నిలబడి చూడండి. ఏఎన్‌ఎం మీ ముందే ప్యాకెట్ చింపుతుంది, 0.5 మి.లీ. మందు లాగుతుంది, బిడ్డ తొడకు వేసి ప్లంజర్‌ను, అంటే సిరంజిలో నొక్కే కడ్డీని, చివరంటా నొక్కుతుంది. ఇక దాన్ని గుంజినా వెనక్కి రాదు. మొండికేసి లాగితే ప్లంజర్ విరుగుతుంది, అంతే. గొట్టంలో ఉన్న చిన్న క్లిప్పో, రింగో దాన్ని పట్టేస్తుంది. ఆ వెంటనే హబ్ కట్టర్‌లో పెట్టి సూదిని మొదట్లోనే కత్తిరించేస్తుంది. లాక్ పడేదే మందంతా లోపలికి పోయాక. మరి మందు తక్కువ ఎక్కడం ఎక్కడ? ఈ అపోహకు ఒక కారణం ఉంది. కొన్ని రకాల్లో ప్లంజర్ ఒక్కసారే వెనక్కీ ముందుకీ కదులుతుంది. పాత అలవాటు కొద్దీ ముందుగా సీసాలోకి గాలి ఎక్కించబోతే సిరంజి అక్కడే లాక్ అయిపోతుంది. అది నేర్పడంలో లోటు, సిరంజిలో కాదు. ఇంకో మాట కూడా దాచను: చివరిదాకా నొక్కకుండా ఆపితే లాక్ పడదు. అందుకే వేసే మనిషి చేతి మీదా కన్నేసి ఉంచాలి.

వ్యాపారమంటారా, అమ్మేవాడికి లాభం ఉంటుంది, కాదనను. కానీ టీకాలన్నీ ఇలాంటి సిరంజిలతోనే వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1999లోనే చెప్పాయి. జ్వరానికి, నొప్పికి వేసే మామూలు ఇంజెక్షన్లకు కూడా మళ్లీ వాడడానికి వీల్లేని సిరంజిలే కావాలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరింది. మన ఊళ్లలో తేడా కొట్టేది ఈ రెండో చోటే. టీకా సూది భద్రంగా ఉంది, జ్వరం సూది ఇంకా వేసే మనిషి మంచితనం మీదే ఆధారపడి ఉంది. సిరంజి దగ్గర మిగిలే రూపాయిల కోసం జీవితాంతం కాలేయానికి మాత్రలు మింగించడం ఏం న్యాయం? ప్యాకెట్ నా ముందే చింపండి సామీ అని అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు.

మూత పెడితే భద్రమన్న మాట మా నర్సులకు, ఆస్పత్రి ఊడ్చే అక్కలకు నేరుగా చేటు చేస్తుంది. ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో మూత పట్టుకుని తగిలించేటప్పుడే వేలికి దిగుతుంది. వాడిన సూదికి మూత పెట్టకూడదు, నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ సూది పొడుచుకుని బయటికి రాని డబ్బా గురించే. ఇంజెక్షన్ అవగానే సూది తనంతట తాను లోపలికి పోయే సిరంజిలు, సూది మీదికి తొడుగు జారేవి కూడా ఉన్నాయి. లాక్ అయ్యే సిరంజి కాపాడేది తర్వాతి రోగిని. ఇవి కాపాడేది వేసేవాళ్లను, చెత్త ఎత్తేవాళ్లను. అమెరికా 2000లోనే ఇలాంటివాటి కోసం చట్టం చేసింది. మన ఆస్పత్రుల్లో చెత్త ఎత్తే మనిషి గురించి ఆ పట్టింపు ఇంకా రావాలి.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైంది: గుచ్చుకుంటే పిండమనడం. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. పారే నీళ్లతో, సబ్బుతో కడగండి. ఆ సూది హెపటైటిస్ బి ఉన్నవాళ్లదైతే, టీకా లేని వందమందిలో 30 మంది దాకా అంటుకోవచ్చు. హెపటైటిస్ సి అయితే ఇద్దరి దాకా, హెచ్‌ఐవీ అయితే వెయ్యిమందిలో ముగ్గురికి. హెచ్‌ఐవీ అంటకుండా వేసుకునే మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కాబట్టి తెల్లారాక చూద్దామనుకోకుండా కర్నూలు పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికో అప్పటికప్పుడే వెళ్లండి. సూది ఎవరికి వాడిందో తెలిస్తే డాక్టరుకు చెప్పండి. ఆర్‌ఎంపీల దగ్గర పనిచేసే పిల్లలు, ఆస్పత్రి చెత్త ఎత్తేవాళ్లు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ముందే వేయించుకోవాలి: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది.