పరామర్శకు వెళ్ళి దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకోవద్దు

అమెరికాలో మనవాళ్ళ ఇంట చావు జరిగితే గంటలో వాట్సాప్ గ్రూపులన్నిటికీ తెలిసిపోతుంది. సాయంత్రానికి హాలు నిండుతుంది. ఎవరో ఒకరు గొంతు సవరించుకుని "అంతా ఆయన లీల" అంటారు. ఇంకొకరు "మంచివాళ్ళను దేవుడు తొందరగా తీసుకెళ్ళిపోతాడమ్మా" అంటారు, మరొకరు కర్మ దాకా వెళతారు. మేలు కోరే అంటారు, అందులో సందేహం లేదు. కానీ చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న అమ్మాయికి అది వినబడే తీరు వేరు. నీకిలా జరగాలని దేవుడే అనుకున్నాడు, ఇక నోరెత్తకు అన్నట్టుంటుంది. భర్త పోయిన దుఃఖం చాలదని, దేవుడు కూడా అవతలి పక్షమేనని చెప్పి వస్తున్నాం.

మన పెద్దలు అలా నోరు మూయించలేదు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పన్ను సొమ్ము పెట్టి భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డాడు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నాడని చెప్పుకుంటాం. ఆ చెరలో పాడిన కీర్తనలో రాముడికి లెక్క అప్పజెప్పాడు: సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, ఏ నగకు ఎంత పట్టిందో సహా. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని నిలదీశాడు. మళ్ళీ తనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని బతిమాలాడు. వినేవాడున్నాడని నమ్మినవాడికే అంత చనువుంటుంది. ఆ తిట్టును చెరిపెయ్యకుండా ఏటా శ్రీరామనవమికి మైకు పెట్టి మరీ పాడుకుంటున్నాం. మరి మన పక్కింటి మనిషి "నీకు కళ్ళు లేవా దేవుడా" అంటే "తప్పమ్మా, అలా అనకూడదు" అని ఎందుకు అడ్డుపడతాం?

బైబిలు చదివే ఇళ్ళలో యోబు సంగతి తెలిసిందే. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్ళంతా కురుపులతో కూర్చున్న అతని పక్కన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోళ్ళు తెరిచి, నువ్వేదో పాపం చేసే ఉంటావని వాదనకు దిగారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. తనను నిలదీసిన యోబును తప్పుపట్టిన వాళ్ళే తన గురించి సరిగ్గా మాట్లాడలేదన్నాడు. చావు జరిగిన ఇంట పెట్టే ఆదరణ కూడికలో వాక్యం చెప్పడానికి లేచేవాళ్ళు ఆ ఏడు రోజుల్ని గుర్తుంచుకుంటే మంచిది.

దేవుడికి ఆ ఇంటి మీద దయ ఉందని మనం నమ్ముతుంటే, ఆ దయ మన చేతుల మీదుగా వెళ్ళాలి. అందులో తెలివిగా చెయ్యాల్సిన పని చాలా ఉంది.

ఇంటివాళ్ళ తరఫున, అంత్యక్రియలు చూసే ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు రకాలుగా చెబితే, ఇక్కడే దహనమా, ఇండియాకు పంపడమా అన్నది తేలదు. పంపాలంటే డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ (శవం పాడవకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్, అంటువ్యాధి లేదన్న లేఖ, పోయినవారి పాస్‌పోర్టు భారత కాన్సులేట్‌కు చేరాలి. ఆ పాస్‌పోర్టు ఎక్కడ పెట్టారో పోయిన మనిషికి మాత్రమే తెలిసి ఉంటే పని అక్కడే ఆగుతుంది. డెత్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు ఓ పది తీసుకోవాలి. బ్యాంకు, ఇన్సూరెన్సు, ఊళ్ళో పొలం కాగితాలు, అన్నిచోట్లా అడుగుతారు. ఇండియాలో చూపించేదానికి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి. అస్థికలు విమానంలో చేత్తో తీసుకెళ్ళేట్టయితే చెక్క డబ్బాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టించాలి. దళసరి లోహం, రాయి అయితే ఎక్స్‌రేలో లోపలిది కనబడదు. కనబడకపోతే సెక్యూరిటీ దాటనివ్వరు. మీరే మూత తీసి చూడండి అని బతిమాలినా తియ్యరు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పోయినవారు చివరి మూడేళ్ళలో ఏడాదిన్నర పనిచేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉన్నా, 18 ఏళ్ళలోపు పిల్లలకూ, 16 లోపు బిడ్డను సాకుతున్న భార్యకో భర్తకో నెలనెలా డబ్బు వచ్చే అవకాశం ఉంది. దీనికి ఆన్‌లైన్ దరఖాస్తు లేదు, ఫోన్ చేసి అడగాలి. ఆలస్యం చేస్తే, గడిచిన నెలల డబ్బంతా వెనక్కి రాకపోవచ్చు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా) మీదున్న వాళ్ళ వీసా పోయినవారి వీసాకు ముడిపడి ఉంటుంది కనుక మొదటి వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడించాలి. ఆ మాట ఆమెకు చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

ఇక భోజనాలు. మొదటి పది రోజులూ ఫ్రిజ్‌లో పట్టనంత వస్తుంది, పన్నెండో రోజు దాటాక గుమ్మం తొక్కేవాళ్ళుండరు. అత్తామామలు, అన్నదమ్ములు తిరుగు విమానం ఎక్కేస్తారు. దేవుడు అసలు ఉన్నాడా అని నిద్రపట్టని రాత్రులు అప్పుడు మొదలవుతాయి. కాబట్టి మొదట్లో రోజుకు ఒక్క ఇంటి నుంచే వెళ్ళాలి: అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు, తిరిగి ఇవ్వక్కర్లేని ట్రేలలో. మైల పాటించే ఇల్లయితే ఉల్లి, వెల్లుల్లి, పోపు సంగతి ముందే కనుక్కోవాలి. తర్వాత వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలకు పేర్లు రాయించాలి. "ఏం కావాలన్నా మొహమాటపడకు వదినా" అంటే ఏ వదినా అడగదు. "గురువారం బాబును స్విమ్మింగ్‌కు నేను దింపుతాను" అంటే సరేనంటుంది. ఆమె గుడికో చర్చికో రావడం మానేస్తే ఆరా తియ్యకుండా ఇంటికే వెళ్ళి కూర్చోండి. బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఆమెను ఒంటరిగా వదలకుండా పక్కనుండే, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళకు సాయపడే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయించండి.

మన సంఘంలో పండగలకు కమిటీలున్నాయి, పరామర్శకూ ఒకటి వెయ్యాలి. ఆ కమిటీ దగ్గరుండే పుస్తకంలో పోయిన తారీఖుతో పాటు, తిథి పాటించే ఇళ్ళకు తిథి కూడా రాసుకోవాలి. మరుసటి ఏడు తిథి సుమారు పదకొండు రోజులు ముందు వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. తారీఖు నాడూ, తిథి నాడూ ఆ ఇంటికి ఫోన్ వెళ్ళాలి.