ఆషాఢం ఆఫర్‌లో వారసుడు

మద్దిలపాలెంలో నేను బస్సు కోసం నిలబడే చోట, రోడ్డుకి అవతల, ఒక ఫ్లెక్సీ మీద పాప నవ్వుతూ ఉంటుంది. తెల్లగా, బొద్దుగా, నీలికళ్లతో. ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో మన విశాఖలో అలాంటి బిడ్డ పుడితే ఆ ఇంట్లో సంతోషం కంటే ముందు వేరే గొడవ మొదలవుతుంది. పాప కింద ఇలా ఉంది: "ఆషాఢం ధమాకా! సంతాన సాఫల్య ప్యాకేజీలపై భారీ తగ్గింపు. తొలి కన్సల్టేషన్ ఉచితం. సులభ వాయిదాలు."

ఆషాఢం, గమనించండి. ఈ నెలలో కడుపు పడితే కాన్పు ఎండల్లో వస్తుందని, తల్లీబిడ్డా తట్టుకోలేరని మన పెద్దలు భయపడిన నెల. అందుకే అత్తా, కొత్త అల్లుడూ ఒకే గడప దాటకూడదని ఒక శాస్త్రం అడ్డం పెట్టి, పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేసి, మొగుడూ పెళ్లాల్ని విడదీసిన నెల. సరిగ్గా ఆ నెలకే పిల్లల మీద డిస్కౌంటు పెట్టిన మార్కెటింగ్ మేనేజరు గారికి పాదాభివందనం. చీరలకి లేని పట్టింపు పిల్లలకెందుకు అనుకుని ఉంటాడు.

ఆ కేంద్రం పేరు చెప్పను. చెప్తే అదీ ఉచిత ప్రచారమే, దాని మీద కూడా జీఎస్టీ వేస్తారేమో.

మా ఆర్థిక పరిస్థితి క్లుప్తంగా. నాకు గాజువాక వైపు ఒక కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం, నెలలో సగం నైట్ షిఫ్టులు. మా ఆవిడ జగదాంబ దగ్గర బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు విప్పుతుంది, మడతపెడుతుంది. ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి కంచరపాలెం ఇంటి అద్దె, బండి వాయిదా, అమ్మ బీపీ మాత్రలు తీసేస్తే నెలకి రెండున్నర వేలు మిగులుతాయి. ఈ రెండున్నర వేలతో ఒక మనిషిని సృష్టించాలి. బ్రహ్మదేవుడికి కూడా ఇంత టైటు బడ్జెట్ ఎవరూ ఇచ్చి ఉండరు.

నిజానికి ప్రకృతి దీన్ని ఉచిత పథకంగానే పెట్టింది. అండం విడుదలయ్యాక ఒక రోజుకి మించి బతకదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా ఓపిక పడతాయి. రెండూ కలిపితే నెలకి ఆరు రోజులు మన చేతిలో ఉన్నట్టు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో మా ఆవిడ ఆ ఆరింటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టేది. పక్కనే రాహుకాలం, వర్జ్యం. ఆ ఆరు రోజుల్లో నాలుగు నాకు నైట్ షిఫ్టు. మిగిలిన రెండింట్లో ఒకరోజు మా మేనత్త మోకాళ్లు చూపించుకోవడానికి కేజీహెచ్‌కి వచ్చి, మా గది తలుపు పక్కనే చాప వేసుకుని, తెల్లవార్లూ దగ్గుతూ మేలుకుని ఉంటుంది. ఉదయం కాఫీ తాగుతూ ఆవిడే అడుగుతుంది: "ఏమే, ఇంకా విశేషమేం లేదా?"

ఏడాదిపాటు ప్రయత్నించినా నిలవకపోతే అప్పుడు దాన్ని సమస్యగా చూడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా చుట్టాలు ఆ సంస్థకంటే చురుకైనవాళ్లు. మూడో నెలకే తేల్చేశారు.

ఇక ఆ ఉచిత కన్సల్టేషన్. ఏసీ హాలు, మెత్తటి సోఫా, గోడ నిండా సక్సెస్ రేటు. సక్సెస్ అంటే పరీక్షలో పాజిటివ్ వచ్చిందనా, బిడ్డ చంకలో ఇంటికొచ్చిందనా అని అడిగాను. కౌన్సెలర్ అమ్మాయి నవ్వి నీళ్లిచ్చింది. తప్పు నాదే. టీవీలో "ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ రెండూ" అని ర్యాంకులు అరిచే ప్రకటనలు చూస్తూ పెరిగినవాడు అలాంటి ప్రశ్న అడక్కూడదు. తర్వాత ఆ అమ్మాయి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు కార్డులు పరిచింది. సిల్వర్ లక్షా అరవై వేలు, ఇంజెక్షన్లు అదనం. గోల్డ్‌లో ఒకసారి ఫెయిలైతే రెండోసారికి తగ్గింపు. ప్లాటినంలో ఏముందో మాకు చెప్పలేదు. మా చెప్పులు చూసి ఉంటుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నాను, అమాయకంగా. ఆరోగ్య బీమా పాలసీల్లో ఏమేం చెల్లవో నియంత్రణ సంస్థ 2019లో వరస నంబర్లు ఇచ్చి మరీ ఖరారు చేసింది. 17వ నంబరు, పిల్లలు పుట్టకపోవడం. 18వ నంబరు, పిల్లలు పుట్టడం. రెండూ మినహాయింపులే. విడిగా డబ్బు కట్టి కొనుక్కుంటే తప్ప, పుట్టినా పుట్టకపోయినా వాళ్లకి సంబంధం లేదు. ఇంత సమదృష్టి భగవద్గీత చదివినవాళ్లకి కూడా రాదు.

ప్రభుత్వం మాత్రం మన వైపే ఉంది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి గారు చెప్తూనే ఉన్నారు. ఆయన కంగారు ఊరికే కాదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే లెక్కతేలారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది కూడా. కార్పొరేటర్ పదవికి నాకిక అడ్డు లేదు. మూడో బిడ్డ గురించి బెంగ తీరింది. మొదటి బిడ్డ సంగతే మిగిలింది.

అక్కడినుంచి ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. ఇక్కడే అసలు కథ.

రెండేళ్ల క్రితం మా వీధి డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. మొదటి వరసలో ఉన్నది నా పరీక్ష. వీర్యపరీక్ష, మా దగ్గర ల్యాబుల్లో నాలుగు వందలు. దాని కింద ఆవిడవి. థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఏఎంహెచ్, స్కానింగ్, అవన్నీ అయ్యాక అవసరమైతే ట్యూబుల ఎక్స్‌రే. చీటీ చూసి మా అమ్మ అంది, "వాడికేటి, రాయిలాగున్నాడు." నేనూ రాయిలాగే తలూపాను. బడ్జెట్ తక్కువ కదా, అనవసర ఖర్చులెందుకని ఆ మొదటి వరస కొట్టేశాం.

మిగిలినవన్నీ చేయించాం. ఒక్కో నెలా ఒక్కోటి, రెండున్నర వేలకి సరిపడేట్టు. మధ్యలో నర్సీపట్నం అవతల ఎవరో ఇచ్చే పసరు, మూడు ఆదివారాలు, పరగడుపున, ఆవిడకే. సింహాచలం వెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నాం. మా కేసులో మొగుణ్ణి కూడా రమ్మన్న మొదటి చోటు అదే. అప్పన్నకి ఉన్నపాటి వైద్యజ్ఞానం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మొత్తానికి మొన్న నా పరీక్షకి ముహూర్తం కుదిరింది. ల్యాబు ద్వారకానగర్‌లో. ఉన్నది ఒకటే బాత్‌రూమ్, దాని ముందు మూత్రపరీక్షల క్యూ. "ఇంటి దగ్గర తీసి గంటలోపు తెచ్చెయ్యండి సార్, ఒంటి వేడికి ఆనించి పట్టుకోండి" అని డబ్బా చేతిలో పెట్టారు. బండి షెడ్డులో ఉంది. ఆటోవాడు నూట యాభై అన్నాడు. నాకు మళ్లీ బడ్జెట్ గుర్తొచ్చింది. డబ్బాని బనీనులో, చంక కింద బిగించి కంచరపాలెం మెట్టు దగ్గర బస్సెక్కాను.

ఆడవాళ్లకి బస్సు ఉచితమనే స్త్రీశక్తి పథకం వచ్చాక బస్సులు ఎలా ఉంటున్నాయో మీకు తెలుసు. బస్సు నిండా ఆడవాళ్లు, మధ్యలో ఎడమ చెయ్యి లేపలేని మగవాణ్ణి నేనొక్కణ్ణే. కండక్టర్ టికెట్ అన్నాడు. కుడిచేత్తో కడ్డీ పట్టుకున్నాను, ఎడమచేత్తో భవిష్యత్తుని పట్టుకున్నాను, చిల్లర జేబులో ఉంది. మా వీధిలో చేపలమ్మే పైడమ్మ పిన్ని నన్ను గుర్తుపట్టింది.

"ఏటి బాబూ, అలాగ వంకరగా నిల్చున్నావు? నొప్పేటి?"

"గ్యాస్ పిన్నీ."

"గ్యాసైతే వాము నమలాలి నాయనా. ఇలా కూకో." నన్ను లాగి సీట్లో కూలేసింది. డబ్బా రెండంగుళాలు జారింది. నా గుండె నాలుగంగుళాలు.

తాటిచెట్లపాలెం దగ్గర బస్సు ఆగిపోయింది. ఎవరో పెద్దాయన విమానాశ్రయానికి వెళ్తున్నారట, పోలీసులు రోడ్డు కట్టేశారు. ఐదు నిమిషాలు, పది, పదిహేను. పిల్లల్ని కనమని చెప్పే ప్రభుత్వం కాన్వాయ్ కోసం, ఓటు హక్కు ఇంకా రాని నా కోట్లాది అనుచరులు చంక కింద చెమటలో ఆగిపోయారు. నేను చేతి గడియారం చూస్తున్నాను. పైడమ్మ పిన్ని నన్ను చూస్తోంది. కాలక్షేపం కావాలి కదా.

"పిల్లలెంతమంది బాబూ?" అని వెనక సీటావిడ.

"ఇంకా లేరండి."

"పెళ్లై ఎన్నేళ్లు?"

"నాలుగు."

బస్సంతా ఒక్క నిట్టూర్పు. అప్పుడు ముందు సీట్లోంచి ఒక ముసలమ్మ మొత్తం వెనక్కి తిరిగి, ఎంతో జాలిగా అడిగింది: "మీ ఆడదానికి చూపించలేదేటి నాయనా?"

డబ్బా వెచ్చగానే ఉంది. నేను తల దించుకున్నాను.

యాభై ఎనిమిదో నిమిషంలో ల్యాబు చేరాను. టెక్నీషియన్ కుర్రాడు డబ్బా ఎత్తి హాలంతా వినపడేలా "వీర్యం ఎవరిదండీ? ఎన్నింటికి తీశారు?" అన్నాడు. చెయ్యెత్తాను. ఈసారి ఎడమ చెయ్యి కూడా లేచింది.

రిపోర్టు సాయంత్రం వచ్చింది. మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షలు కనీసం ఉండాలంటారు. నాకు అరవై లక్షలు. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు, కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది, మూడు నెలలాగి మళ్లీ చేయించమంది డాక్టరమ్మ. వృషణాల దగ్గర నరాలు ఉబ్బాయేమో చూపించుకోమంది. సిగరెట్లు ఎన్ని కాలుస్తారు అని అడిగింది. రోజుకి నాలుగు. ఇంటికొచ్చి లెక్క వేశాను. నా వారం రోజుల పొగ ఖర్చు కంటే ఆ పరీక్ష చవక.

ఇక్కడ నేను నవ్వించలేను, క్షమించండి.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ఇది రహస్యం కాదు, ఏ డాక్టరైనా చెప్తారు. అయినా రెండేళ్లు నా భార్య చేతులకి సూదులు గుచ్చాం. ట్యూబుల ఎక్స్‌రే రోజున లోపలికి మందు ఎక్కిస్తుంటే ఆవిడ పెట్టిన కేక నాకు బయట కారిడార్‌లో వినబడింది. మర్నాడు సెలవు పెడితే జీతం కోస్తారని వెళ్లి పది గంటలు నిలబడి చీరలు మడతపెట్టింది. సొంత పిన్నికూతురి సీమంతంలో గాజులు తొడిగే పేరంటాళ్ల వరసలోంచి ఆవిణ్ణి లేపి, "నువ్వు వంటింట్లో చూడమ్మా" అన్నారు. ఎవరు అన్నారో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను. పులిహోర తింటున్నాను. గొడ్రాలు అని మా మేనత్త గొంతు తగ్గించి అన్న మాట కూడా విన్నాను. ఆ మాటకి మగవాడి రూపం మా ఇళ్లలో నేనెప్పుడూ వినలేదు. అవసరం పడలేదు మరి! నాలుగు వందలు ఖర్చు పెడితే కదా అవసరం పడేది! రెండేళ్లపాటు ఆ నాలుగు వందలు మిగిల్చిన పొదుపరి ఎవరో కాదు, మీ ముందు కూర్చుని ఫ్లెక్సీల మీద వ్యంగ్యం రాస్తున్న ఈ పెద్దమనిషే. ఆ మేనేజరు కనీసం నెల చూసి తగ్గింపు ఇచ్చాడు. నేను నాకు మాత్రమే ఇచ్చుకున్నాను, అదీ రెండేళ్లు.

రిపోర్టు సంగతి ఇంట్లో చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ల్యాబోడి మిషనే పాడైపోయుంటాది" అంది. మేనత్త మోకాళ్లకి నూనె రాసుకుంటూ, "కంటి దిష్టి" అంది. పసరు నాకు పట్టిద్దామని ఎవరూ అనలేదు.

మా ఆవిడ రిపోర్టు రెండుసార్లు చదివి, మడతపెట్టి, ఫైల్లో తన కాగితాలన్నిటికీ పైన పెట్టింది. క్యాలెండర్ తిప్పి మూడు నెలల అవతల ఒక తారీఖు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. పోపులడబ్బాలోంచి ఐదు వందలు, పైన ఇంకో నూట యాభై తీసి, నా సిగరెట్ ప్యాకెట్ ఉండే అరలో పెట్టింది.

"ఆ నూట యాభై ఎందుకు?" అన్నాను.

"ఆటోకి," అంది.