ఫొటో కాదు, గ్యారంటీ అమ్ముతున్నారు

పక్షి గూడు ఫొటో తీసేవాళ్లు అడ్డొచ్చే కొమ్మను విరిచేస్తే ఫొటో శుభ్రంగా వస్తుంది. కాకికీ గూడు అంతే శుభ్రంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పిల్లల మీదే పడుతుంది. కెమెరా సర్దుకుని వెళ్లిపోయాక అక్కడ ఏం జరిగిందో, లైకులు కొట్టినవాళ్లకు తెలిసే దారి లేదు.

చట్టం మెతకగా ఏమీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడం, బంధించడమే కాదు. ఎర వేయడం, పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా అందులోకే వస్తాయి. ఆవాసాన్ని మార్చకుండా, జీవులకు హాని కలగకుండా ఉంటేనే అభయారణ్యాల్లో ఫొటోలకు, షూటింగ్‌లకు అనుమతి అని 2022 సవరణ చెప్పింది. చేతిలో తుపాకీ లేదు కాబట్టి వేటగాళ్లం కాదు అనుకోవడం కుదరదన్నమాట.

అయినా ఇలాంటి పనులు ఎందుకు ఆగడం లేదు? అవగాహన లేక అంటారు. నాకలా అనిపించదు. డబ్బు ఎటు నుంచి వస్తోందో చూడాలి. పక్షి ఫొటోలు అమ్ముకుని ఇల్లు గడుపుకునేవాళ్లు అరుదు. ఆదాయం ఎక్కువగా టూర్లు, వర్క్‌షాపుల మీదే. ఫొటో వాటికి వాల్‌పోస్టర్ లాంటిది: మాతో వస్తే మీకూ ఇదే దొరుకుతుందని. వేలకు వేలు కట్టి, సెలవు పెట్టుకుని వచ్చిన మనిషికి పక్షి కనిపించకపోతే ముందు టెన్షన్ గైడుకే. టిప్పు పోతుంది, తర్వాతి బ్యాచ్ కూడా పోవచ్చు. అందుకే ఫోన్‌లో పక్షి కూత వినిపించడం, పురుగులు చల్లడం. అన్నిటికన్నా సులువైంది గూడు. పిల్లలున్న పక్షి బెదిరినా చాలావరకు తిరిగి అక్కడికే వస్తుంది. గ్యారంటీకి ఇంకేం కావాలి?

సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెరువు నీళ్లలోని చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడతాయి. 1976లో అది అభయారణ్యమైంది. గుంపులో నాలుగు బెదిరి లేస్తే చుట్టుపక్కలవీ లేస్తాయి, గుడ్లు కాకులకు దొరుకుతాయి. కట్ట మీద నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తే మంచి ఫొటోలే వస్తాయి. కాకపోతే అవి పక్కవాడి ఫొటోల్లాగే ఉంటాయి. వ్యాపారానికి అది చాలదు. ఇంకా దగ్గరికి పోవాలన్న ఆశ అక్కడే పుడుతుంది.

ఈ ఆశ మన దగ్గరే కాదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2017లో బహుమతి పొందిన ఒక చీమలు తినే జంతువు ఫొటోను మరుసటి ఏడాది రద్దు చేశారు. అందులోది బతికున్నది కాదు, చచ్చిన జంతువు చర్మంతో చేసిన బొమ్మేనని నిపుణులు తేల్చారు. ఫొటోగ్రాఫర్ ఒప్పుకోలేదనుకోండి.

ఫొటోగ్రాఫర్లకు నీతిపాఠాలు చెప్పడం కంటే లెక్క మార్చడం మేలు. ఎర వేసి తీసిన ఫొటో కింద ఆ మాట రాయాలి. గైడుకు కనిపించిన పక్షిని బట్టి కాదు, రోజును బట్టి కూలి ఇవ్వాలి. టూర్ బుక్ చేసుకునేవాళ్లు అడగాల్సింది కూడా ఒక్కటే: ‘పక్షి కనిపించకపోతే గైడుకు ఎంత తగ్గిస్తారు?’ ఏమీ తగ్గించం అంటేనే నేను అడ్వాన్స్ కడతాను.