వంట సోడాతో ట్యాంకు అతకదు నాయనా

ఈ వారంలో ఒకే వీడియో నాకు నలుగురు పంపారు. నాలుగోవాడు మా బాబాయి కొడుకు. రెండు నెలల కిందట ఇదే చిట్కా నమ్మి, తుమ్మలపెంట బీచ్ నుంచి కావలిలో నా షెడ్డు దాకా బండిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చినవాడే. కింద ‘‘యూజ్‌ఫుల్ అన్నా, గ్రూపులో పెట్టు’’ అని రాశాడు. పెడుతున్నాలే, చదువుకో.

వీడియో చెప్పేది ఇదీ: డర్ట్ బైక్ (మట్టి, రాళ్ల బాటల్లో తోలే బండి) ప్లాస్టిక్ ట్యాంకు పగిలి పెట్రోల్ కారుతుంటే కొత్తది కొనక్కర్లేదు. పగులుకు కారణం ఇథనాల్ కలిపిన పెట్రోల్. సన్న గీతలైతే ఎండలో పెడితే మూసుకుంటాయి. కొంచెం పెద్దవైతే వంట సోడా చల్లి సూపర్ గ్లూ పోయాలి. ఇంకా పెద్దదైతే పెట్రోల్ ఒంపేసి, కాల్చిన స్క్రూడ్రైవర్‌తో కరిగించి అతికించాలి, ట్యాంకు ఖాళీ కాబట్టి భయం లేదు. దారిలో కారితే సబ్బు రుద్దాలి.

ఎండ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. కావలి ఎండకు పగుళ్లు మూసుకునేటట్టయితే మా వీధిలో పగిలిన బిందె ఒక్కటీ ఉండకూడదు.

ఇథనాల్ మీద పడి ఏడవడం ఇప్పుడు ఫ్యాషన్. 2025 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలే వస్తున్న మాట నిజం. పాత బండ్లలో రబ్బరు వాషర్లు, పైపులు దానికి పాడవుతాయన్నదీ నిజమే. అందుకే ట్యాంకును తిట్టే ముందు పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ తెరిచి మూసే కుళాయి) దగ్గర వాషర్ చూడండి, చాలాసార్లు కారేది అక్కడే. ట్యాంకు మాత్రం హెచ్‌డీపీఈ అనే గట్టి రకం ప్లాస్టిక్. కరోనా రోజుల్లో 70 శాతం పైగా ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌ను మనం నెలల తరబడి దాచుకున్న తెల్ల క్యాన్లు గుర్తున్నాయా? అవీ ఆ జాతివే. ఒక్కటన్నా కరిగిందా?

ఇక సోడా. సూపర్ గ్లూ తగలగానే సోడా రాయి అయ్యేది నిజమే, వీడియోలో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ రాయి దేన్ని పట్టుకొని ఉంటుంది? హెచ్‌డీపీఈకి ఏ జిగురూ సరిగా అంటదు. రెండు ట్యూబులు కలిపి పూసే ఎపాక్సీ జిగురు పెట్టినా అంతే. మన రొయ్యల చెరువుల దగ్గర చూడండి. తెల్ల పీవీసీ పైపులకు జిగురు పూసి బిగిస్తారు, నల్ల హెచ్‌డీపీఈ పైపులకు మాత్రం రెండు కొసలూ వేడి పలకకు ఆనించి, కరిగాక ఒకదానికొకటి నొక్కుతారు. జిగురుతో అయ్యే పనైతే ఆ మిషన్‌కు అద్దె కట్టే పిచ్చివాడు ఎవడు?

మా తమ్ముడి ట్యాంకు మీద ఆ సోడా ముద్ద కింద పెట్రోల్ చెమ్మగిల్లి ఉంది. గోరు పెట్టి లేపితే పుండు మీద పక్కు ఊడినట్టు మొత్తం ఒక్క బిళ్లగా చేతికొచ్చింది. దాని వెనకవైపు ట్యాంకు గీతలన్నీ అచ్చు పడి ఉన్నాయి. అంటుకున్నది మాత్రం సున్నా.

ఇంతవరకూ పోయేది ఇరవై రూపాయలూ, పెట్రోలూ. ఆ స్క్రూడ్రైవర్ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. ‘‘ఖాళీ కాబట్టి భయం లేదు’’ అట! మంటకు అంటుకునేది ఆవిరి. గాల్లో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకులో పైన మిగిలిన కాస్త చోటులో ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, గాలి చాలదు. ఒంపేశారనుకోండి, లోపలికి గాలి చేరి, గోడలకు అంటిన తడి ఆవిరవుతూ, పేలడానికి సరిపోయే పాళ్లు మీరే కుదిర్చి పెట్టినట్టు. దానికి తోడు గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చిన ఇనుము! నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ పాత మోపెడ్ ఇనప ట్యాంకుకు ‘‘ఖాళీదే రా’’ అని వెల్డింగ్ పెట్టాడు. టప్పుమని ఒక్కటే శబ్దం. ట్యాంకు గుమ్మడికాయలా ఉబ్బింది. ఆయన కనుబొమలు తిరిగి మొలవడానికి నెలలు పట్టింది. అదృష్టం బాగుండి కళ్లు దక్కాయి.

వేడితో అతికించడం తప్పని నేను అనను. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నిలబడే అతుకు అదొక్కటే. కానీ ముందు కాక్, మూత విప్పి, సర్ఫ్ నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, రోజుల తరబడి నీడలో ఆరబెట్టాలి. ఆ ప్లాస్టిక్ పెట్రోల్‌ను లోపలికి పీల్చుకొని ఉంటుంది. ట్యాంకు మీద స్టిక్కర్లు బుడగలు లేచేది అందుకే. పని చేసేటప్పుడు పగులు కిందిదాకా నీళ్లు నింపుకోవాలి. పగులు రెండు కొసల్లో సన్న రంధ్రం వేస్తే ఇంకా పాకదు. తర్వాత అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో, ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవాడి చేత, వేడిగాలి గన్‌తో అతికించాలి. కొన్ని ట్యాంకుల ప్లాస్టిక్ అసలు కరగదు, వేడికి మాడుతుంది. అట్టాంటిదైతే కొత్తది కొనాల్సిందే.

చివరిది సబ్బు. దీన్ని చీల్చి చెండాడదామనే మొదలుపెట్టాను. కుదరలేదు, అది పనిచేస్తుంది. సబ్బు పెట్రోల్‌లో కరగదు. ఒంటిసబ్బు పొడి బిళ్లను పగులు మీద గట్టిగా రుద్దితే సందులో కూరుకుపోయి చుక్కను ఆపుతుంది. మొన్న ఉదయగిరి వైపు రాళ్ల బాటలో బండి పక్కకు పడి నా ట్యాంకే చిట్లితే, దారిలో చిల్లర కొట్లో సబ్బు కొని రుద్దుకొని ఇల్లు చేరాను. ఆ సగం బిళ్ల ఇప్పటికీ నా టూల్ బ్యాగులో ఉంది. వంట సోడా మాత్రం ఇంట్లో బజ్జీలకు వదిలేశాను.